రామాంజినమ్మ నేర్పిన భాష

ఆసుపత్రి వంటింటి కిటికీ దగ్గర నిలబడి వాణి ఎవరితోనో గడగడా మాట్లాడుతోంది. అది తెలుగు కాదు, కన్నడమూ కాదు.

మార్కండేయులు దగ్గరికి వెళ్లి చూశాడు.

కిటికీకి అవతల అరవై దాటిన మనిషి. మోచేతుల దాకా సబ్బు నురగ. కాఫీ గ్లాసులు కడుగుతోంది.

"ఎవరు పాపా ఆమె?" కూతుర్ని పక్కకు పిలిచి అడిగాడు.

"రామాంజినమ్మవ్వ నాయనా. ఈడ కాఫీ కాస్తాది. నాకు స్పానిష్ నేర్పించింది ఆమే."

ఎవరైనా విన్నారేమోనని మార్కండేయులు చుట్టూ చూశాడు.

అది తొంభై తొమ్మిది ఏప్రిల్. పెనుకొండలో స్పెయిన్ దేశం వాళ్ల ఆసుపత్రి, దాని పక్కనే పిల్లల హాస్టలు. ఏటా ఆ హాస్టలు నుంచి ఒకరిని స్పెయిన్ పంపిస్తారు. రెండు నెలలు అక్కడ భాష చదివి వస్తే, రేపు ఆసుపత్రిలోనే ఉద్యోగం. కొత్తగా వచ్చే డాక్టర్లకూ రోగులకూ మధ్య మాట అందించే పని.

ఆ ఏడు ఒక్క సీటుకు ఏడుగురు పిల్లలు. మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసిన వాణి కోసం, ధర్మవరంలో మగ్గం ఆపి, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు మార్కండేయులు.

"లోపల ఆ మాట చెప్పొద్దు," అన్నాడు.

"ఏ మాట నాయనా?"

"అదే, గ్లాసులు కడిగే ఆమె నేర్పించిందని. నవ్వుతారు. క్యాసెట్లు విని నేర్చుకున్యానని చెప్పు."

"అట్ల చెప్తే అవ్వ..."

"చెప్పినట్ల ఇను పాపా."

లోపల ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో పెద్ద డాక్టరు ఇసబెల్. నెరిసిన జుట్టు, నూలు చీర. మార్కండేయుల్ని కూడా కూతురి పక్కనే కూర్చోమన్నారు.

అడిగినవాటికి వాణి తడుముకోకుండా జవాబులు చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తండ్రి కళ్లు చెమర్చాయి.

చివర్లో ఇసబెల్ తెలుగులోకి దిగింది.

"బాగా మాట్లాడతాండావే పాపా! ఎవురు నేర్పించిరి?"

దొరసాని నోట అచ్చం తమ సీమ మాట విని మార్కండేయులు విస్తుపోయాడు.

అప్పుడే తలుపు తోసుకుని రామాంజినమ్మ కాఫీ పళ్లెంతో లోపలికి వచ్చింది.

వాణి నాయన మొహం చూసింది. ఆయన కనుబొమలు ముడిచాడు.

"క్యాసెట్లు విని నేర్చుకున్యానమ్మా."

రామాంజినమ్మ పళ్లెంలో కాఫీ తొణకలేదు. అందరికీ గ్లాసులు అందించింది. మార్కండేయులు ముందూ ఒకటి పెట్టింది.

"తాగప్పా, చల్లారిపోతాది."

ఆయన గ్లాసు ముట్టుకోకుండానే లేచి వచ్చాడు.

వారం తిరక్కుండానే ఎదురింటి ఫోన్‌కు కబురు వచ్చింది. సీటు వాణికే.

మన ఎండలు తగ్గాక వాళ్ల ఎండాకాలం మొదలవుతుందట. జూన్ చివర్లో విమానం కోసం తండ్రీ కూతుళ్లు బెంగళూరు రైలెక్కారు. పెనుకొండలో రైలు ఆగేది రెండే నిమిషాలు. ప్లాట్‌ఫారం మీద ఒక్కో కిటికీలోకీ తొంగి చూస్తూ రొప్పుతూ వచ్చింది రామాంజినమ్మ. చేతిలో కాగితం పొట్లం.

"చెనిక్కాయల పొడి పాపా. ఆడ కూడంతా చప్పగా ఉంటాదంట. రొట్టెకు అద్దుకో."

వాణికి ఏడుపు ఆగలేదు. "అవ్వా, ఆ దినం నేను..."

"ఏ దినం? నోట్లో మాటలన్నీ ఈడే అయిపోగొట్టొద్దు. ఆడ మాట్లాడుదువు పో," ముసలామె నవ్వింది.

తప్పు నాదేనమ్మా అని చెబుదామనుకున్నాడు మార్కండేయులు. మాట కూడగట్టుకునేలోపు రైలు కదిలింది.

"పాపకేం గాదప్పా! దిగులు పడొద్దు!" నాలుగడుగులు రైలు వెంట నడిచింది ఆమె.

హిందూపురం దాటేదాకా వాణి ఆ పొట్లం ఒళ్లోనే పట్టుకుని కూర్చుంది.

ఆగస్టులో ఉత్తరం వచ్చింది.

'నాయనా, మన ఆసుపత్రిలో పనిచేసి వచ్చినోళ్లు ఈడ శానామంది ఉండారు. ముసలి డాక్టరమ్మ ఒకామె నన్ను చూస్తానే, యాడికి పోతాండావు పాపా, సంగటి తిన్యావా అనింది. నవ్వు ఆపుకోలేక సచ్చినా. ముప్పై ఏండ్ల నుంచి వీళ్లందరికీ తెలుగు నేర్పించింది మన అవ్వేనంట. అట్ల నేర్పిస్తానే వాళ్ల మాట తానూ నేర్చుకునిందంట. నేను వచ్చినాంక ఇద్దరం పోయి అవ్వ కాళ్లు పట్టుకుందాం.'

ఆ ఉత్తరం నలిగిపోయేదాకా చదివాడు మార్కండేయులు. మగ్గం మీద చేతులు ఆడుతున్నా, ఆమెతో అనవలసిన మాటే నోట్లో మెదిలేది.

సెప్టెంబరులో వాణి వచ్చింది. బెంగళూరు నుంచి తిరిగొస్తూ, ధర్మవరం దాకా పోకుండా ఇద్దరూ పెనుకొండలోనే దిగారు.

ఆసుపత్రి వంటింట్లో వేరే ఎవరో ఉన్నారు.

ఇసబెల్ బయటికి వచ్చి వాణిని దగ్గరకు తీసుకుంది.

"పదైదు దినాలాయ పాపా. మూడు దినాలే జరం. అవ్వ పోయె."

వాణి ఆమె భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. మార్కండేయులు ఇసబెల్ ముందు చేతులు జోడించాడు.

"తప్పు నాదమ్మా. ఆ దినం పాపతో అబద్ధం చెప్పించింది నేనే."

"మాకు తెలుసప్పా."

"తెలిసీ సీటు ఇచ్చిరా?"

"మేం ముగ్గురమూ వద్దనుకుంటిమి," ఇసబెల్ కళ్లు తుడుచుకుంది. "అయితే ఏటా ఎవురిని పంపల్లో తేల్చేది మేం కాదు. కాఫీ ఇస్తా ఇస్తా పిల్లోళ్ల మాటలు ఇంటా ఉండె ఆమె. 'నాయన మొగం చూసి మాట్లాడే పిల్ల ఇది, యాడికి పోయినా తిరిగొస్తాది, ఈ పాపనే పంపండి' అని చెప్పింది రామాంజినమ్మేనప్పా."