మూడో ముద్దు

ఫిర్మాన్ మూడో ముద్దుకి చెంప చాపగానే ఒడెట్‌కి అనుమానం మొదలైంది.

ట్రెవిదిక్ కుటుంబంలో పలకరింపుకి రెండు ముద్దులే. ఈ చెంపకొకటి, ఆ చెంపకొకటి, అంతే. బస్సెక్కుతూ పాతికమందీ అలాగే పలకరించుకున్నారు. ఈయన మాత్రం మూడోదానికి మొహం ముందుకు చాచి, అవతలి చెంప రాకపోయేసరికి అలాగే ఉండిపోయాడు. పుట్టి పెరిగిందంతా ఇక్కడే, ఫ్రాన్స్ పడమటి కొసన ఈ బ్రిటనీలోనే అని అప్పుడే చెప్పుకున్న మనిషి.

ఆరు రోజుల యాత్ర అది. పొద్దున్న సముద్రం ఒడ్డున నడక, మధ్యాహ్నం లోపలి పల్లెల్లో భోజనం. ఏర్పాట్లన్నీ ఆ కుటుంబంలోని అనిక్‌వి. తన ముత్తాత యాన్ ట్రెవిదిక్ పిల్లలు పదకొండుమందీ తలో దిక్కుకీ చెదిరిపోయారనీ, వాళ్ళ సంతతి అంతా ఒక్కసారి కలవాలనీ పేపర్లో ప్రకటన వేసింది. వచ్చినవాళ్ళలో సగం మంది ఒకరి మొహం ఒకరు ఎరగరు.

అలాంటిచోట కాస్త కన్ను తెరుచుకుని ఉండాలి. ఒడెట్ తెరుచుకునే ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి, రెన్ నగరంలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే. ఆమె తలుపు తట్టేది పోస్టుమాన్ ఒక్కడే, అదీ పక్కింటివాళ్ళ పార్సిల్ ఇవ్వడానికి. బల్ల చుట్టూ పాతికమంది ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. ఈ ఆరు రోజుల్నీ ఎవడో వచ్చి పాడుచేస్తానంటే ఆమె చూస్తూ ఊరుకోదు.

రెండో రోజు ఒక రైతు ఇంటి పెరట్లో భోజనం. చివర్న చీజ్ పళ్ళెం తిరిగింది. వచ్చిన బంధువుల్లో లోయిక్ అనేవాడు కత్తి తీసుకుని, మెత్తగా ఉన్న మొన అంతా ఒక్క దెబ్బకి కోసి తన పళ్ళెంలో వేసుకున్నాడు.

"సిగ్గుందట్రా? మంచిదంతా నువ్వు మింగి మాకు తొక్క మిగులుస్తావా?" అంది వాళ్ళక్క.

"తొక్క నీకు అలవాటేగా. చిన్నప్పట్నించీ అదే తిని పెరిగావు" అన్నాడు లోయిక్.

అందరూ నవ్వారు. పళ్ళెం ఫిర్మాన్ దగ్గరికొచ్చింది. ఆయన పక్కనుంచి సన్నగా, పద్ధతిగా, ఎవరికీ లోటు రాకుండా ఒక ముక్క కోసుకున్నాడు. సొంతవాళ్ళ మధ్య అంత మర్యాద ఏమిటి? ఒడెట్ ఆయన మీంచి చూపు తిప్పకుండానే, తొక్కకి అంటుకుని మిగిలిన మెత్తటి భాగం గీకి తినేసింది.

ఆ పదకొండుమందిలో కొరాంతాన్ మనవణ్ణని చెప్పుకున్నాడు ఫిర్మాన్. మూడో రోజు నడకలో ఒడెట్ ఆయన పక్కన చేరింది.

"మీ తాత కొరాంతాన్ ఎప్పుడు పోయాడు?"

"అరవై ఒకటి, మార్చి తొమ్మిది."

"నానమ్మ పుట్టింటి పేరు?"

"కెరవెల్. మరీ-జాన్ కెరవెల్."

అన్నీ సరిగ్గా చెప్పాడు. దాంతో ఒడెట్‌కి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. అసలు మనవలు ఇలా చెప్పరు. లోయిక్‌ని అడిగితే తాత పోయింది యుద్ధానికి ముందో తరవాతో కూడా తేల్చలేకపోయాడు. సమాధి రాళ్ళ మీద చదివి బట్టీ పట్టినవాడే ఇంత శుభ్రంగా అప్పజెబుతాడు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ వెనకే నడుస్తున్న లోయిక్ అక్క ఆ ప్రశ్నలన్నీ విన్నది. మర్నాటి భోజనం వేళకి సంగతి అనిక్ చెవిన పడింది.

"మనవాళ్ళు కానివాళ్ళెవరో మనతో కూచుని తింటున్నారట" అంది అనిక్, లేచి నిలబడి. "రేపు సాయంత్రానికి అందరూ పుట్టిన కాగితాలు ఫోన్లోకి తెప్పించుకోండి. తేడా వస్తే ఎవరినైనా సరే, అక్కడే బస్సు దింపేస్తాను."

ఒడెట్ గుండెల్లో రాయి పడింది. ఆమె కోరుకున్నది ఇది కాదు. నవ్వులతో ఊగిపోయే బల్ల ఒక్క మాటతో చల్లబడిపోయింది. ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ తిన్నారు. ఆమెకి భోజనం సయించలేదు.

అయిదో రోజు ఆటు వేళకి సముద్రం బాగా వెనక్కి పోయింది. అందరూ బకెట్లు, చేతిపారలు పట్టుకుని గుల్లలు ఏరడానికి ఇసుకలోకి దిగారు. ఒడెట్ ఫిర్మాన్‌ని ఒక బండ చాటుకి తీసుకెళ్ళింది.

"ఎవరు నువ్వు?"

"కొరాంతాన్ గారి మనవ..."

"సొంత తాతని ఎవరైనా గారు అంటారా? చాల్లే, నిజం చెప్పు."

ఫిర్మాన్ బకెట్ కింద పెట్టాడు. "మాది దక్షిణాన, నీమ్ ఊరు. అక్కడ మూడు ముద్దులు. మా ఆవిడ పోయాక ఉండలేక ఇటు వచ్చేశాను. ఇక్కడ ఒక్క మనిషీ తెలీదు. పేపర్లో ప్రకటన చూశాను. నలుగురిలో కూచుని తిని మూడేళ్ళయిందండీ. మీరేం చెప్పక్కర్లేదు, నేనే దిగిపోతాను."

ఒడెట్ ఆ బకెట్ తీసి మళ్ళీ ఆయన చేతికిచ్చింది. ఏదో అనబోయేలోగా తడి కాళ్ళతో అనిక్ వచ్చింది.

"అక్కా, అందరూ ఈయన పేరే అంటున్నారు. నీకు తెలియని ట్రెవిదిక్ లేడు కదా, నువ్వు చెప్పు. మనవాడేనా?"

"మనవాడు కాకపోతే ఆ చెవులు ఎక్కణ్ణించి వచ్చాయే? నువ్వు తెచ్చిన పాత ఫోటోలో కొరాంతాన్ చెవులు చూళ్ళేదా? కాగితాలూ గీగితాలూ అని యాత్రని పోలీస్ స్టేషన్ చెయ్యకు. పాపం, ముసలాళ్ళు ఎక్కణ్ణించి తెస్తారు?"

అనిక్ చెవులకేసి చూసింది. చూస్తున్నకొద్దీ ఆ పోలిక కనిపించింది కాబోలు, నవ్వేసింది.

"ఏమనుకోకు ఫిర్మాన్. కాగితాల మాట వదిలేద్దాం" అని వెళ్ళిపోయింది.

ఆవిడ దూరమయ్యేదాకా ఆగి, ఫిర్మాన్ మెల్లిగా అడిగాడు. "అంతా తెలిసి ఎందుకు కాపాడారు?"

"వచ్చే శనివారం కాంకర్నో ఊళ్ళో ఇంకో కుటుంబం ఇలాగే కలుస్తోంది, ఈ ఏడాదికి నాకది ఎనిమిదోది, ఈసారి నా తమ్ముణ్ణని చెప్పుకుని నాతో రా" అంది ఒడెట్.