ఐదు దొంగజేబులు

“వదినా, మాట బయటికి పొక్కకూడదు. ఈ అంగీ లోపలి వైపు కత్తి పట్టేంత దొంగజేబు ఒకటి కుట్టాలి.”

మంత్రి వేషం వేసేవాడు అటూ ఇటూ చూసి గుసగుసగా అడిగేసరికి కత్తెరమ్మకు ప్రాణం లేచొచ్చింది. దొరికాడు హంతకుడు!

నాటక సమాజంలో ఆమె అందరికీ కత్తెరమ్మే. ఈసారి నాటకం పాతకాలపు కోటలో రాజుగారి హత్య కథ, అదీ కడుపుబ్బ నవ్వించేది. బట్టలన్నీ ఆమె చేతి మీదుగానే తయారవుతున్నాయి. దర్శకుడు స్వయానా ఆమె మొగుడు. ఆ మహానుభావుడు మాత్రం హంతకుడెవరో ఇంట్లో కూడా నోరు విప్పడం లేదు. ఆఖరి పేజీ అపరాధ పరిశోధకుడి వేషం వేసేవాడికి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు.

“కుట్టేదాన్ని, నాకు తెలియకపోతే ఎలాగండీ? హంతకుడి అంగీ చూడగానే జనం పట్టేయకూడదు కదా!”

“అందుకే చెప్పట్లేదు. నీకు తెలిస్తే నీ కుట్టులో తెలిసిపోతుంది” అని నవ్వేశాడు.

ఆ నవ్వు ఆమెకు గుచ్చుకుంది. పెళ్లైన నాటి నుంచీ ఆయన నాటకాలకు కుడుతూనే ఉంది. ఒక్కసారైనా తెర ముందుకు పిలిచి జనానికి చూపించింది లేదు. పోనీలే అనుకుంటే, ఇంత చిన్న రహస్యం కూడా దాచాలా? ప్రదర్శన లోపు ఆయనంతట ఆయన చెబితే సరి. లేదంటే ఇదే ఆఖరి నాటకం, కత్తెర అటకెక్కినట్టే.

మంత్రి దొరికాడు కదా అని ఆమె సంబరపడుతుండగానే సేనాపతి వచ్చాడు.

“వదినా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి.”

అతనికీ దొంగజేబే కావాలట. సాయంత్రానికి వైద్యుడూ, వంటవాడూ వచ్చారు. మర్నాడు రాణి వేషం వేసే పిల్ల తన పావడా కుచ్చుల మధ్య జేబు పెట్టమని సిగ్గుపడుతూ అడిగింది. దర్శకుడు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి “హత్య చేసేది నువ్వే, గుట్టుగా ఉంచు” అని చెప్పాడన్నమాట! ఎవరికి వాళ్లు దొంగచూపులు చూడాలని ఎత్తు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“వాళ్లకి అబద్ధమైనా చెప్పారు. నేను దానికి కూడా పనికిరానా?”

“నీతో అబద్ధమాడి ఎప్పుడు నెగ్గాను?” అన్నాడాయన చెప్పులు వెతుక్కుంటూ. “అన్నట్టు, మొదటి రోజు మనవాళ్లంతా పాతకాలం బట్టల్లోనే ఉండాలి, టికెట్లు చింపేవాడితో సహా. నీకూ ఒకటి కుట్టుకో.”

“కుట్టుకుంటా. అదే నా చేతి ఆఖరి కుట్టు.”

ఆయన ఉలిక్కిపడ్డాడు. దొరికిన చెప్పులు తొడుక్కుని గబగబా బయటపడ్డాడు.

ప్రదర్శన రోజు హాలు కిక్కిరిసిపోయింది. సేనాపతి కత్తి దొంగజేబులో ఇరుక్కుని ఎంత లాగినా రాకపోతే జనం పగలబడి నవ్వారు. తను కుట్టుకున్న పాతకాలం బట్టల్లో తెర పక్కన నిలబడ్డ కత్తెరమ్మ కూడా నవ్వింది. మరుక్షణమే గుర్తొచ్చింది, రేపటి నుంచి ఈ సందడి తనకు ఉండదు. మొగుడు వచ్చి పక్కన నిలబడితే మొహం తిప్పుకుంది.

వేదిక మీద పరిశోధకుడు గొంతు సవరించుకున్నాడు. తమ పేరే వస్తుందని ఐదుగురూ ఊపిరి బిగబట్టారు.

“మంత్రి కాదు, సేనాపతి కాదు, వీళ్లెవరూ కాదు! రాజుగారి ఒంటి మీద అసలు కత్తి గాటే లేదు. మెడ బిగువుగా అంగీ కుట్టి, ఊపిరాడకుండా చంపేశారు. ఆ మనిషి ఈ కోటలోనే, ఆ తెర చాటునే ఉంది!”

కత్తెరమ్మకు ఇక ఉండబట్టలేదు.

“ఎవరండీ అది?” అంది గుసగుసగా.

దర్శకుడు ఆమెను మెల్లగా వేదిక మీదికి తోశాడు.