తెరేసమ్మ కళ్ళజోడు

డెబ్బై ఆరు వేసవిలో తెరేసమ్మ పోయిన రోజు, పటమటలోని ఆ ఇంట్లో శవపెట్టెకు మూత వేయబోతుంటే ఆమె భర్త శౌరయ్య మాస్టారు అడ్డం వచ్చారు.

"ఆగండి. కళ్ళజోడు పెట్టడం మరిచిపోయాం."

పక్కింటి బసవపున్నయ్య నాస్తికుడు. చచ్చినవాళ్ళు లేస్తారని మీ క్రైస్తవులెవరూ నిజంగా నమ్మరు, ఓదార్పుకి అంటారంతే అని ఏళ్ళ తరబడి మాస్టారితో వాదిస్తున్నాడు. స్నేహితుణ్ణి కాస్త నవ్వించాలని ఇప్పుడూ ఊరుకోలేదు.

"అదేంటి మాస్టారూ! లేపే దేవుడు ఆ కళ్ళు బాగుచేయకుండానే లేపుతాడా?"

మాస్టారు ఆలోచించారు.

"నిజమేనండోయ్, బాగుచేసే లేపుతాడు. ఇప్పుడు అదే నా భయం."

"భయమెందుకండీ?"

"జోడు పెట్టుకున్నా ఆవిడకి సగమే కనపడేది. అందుకే ఇన్నాళ్ళూ నన్ను అందగాణ్ణనుకుంది. లేచి పూర్తిగా చూస్తే ఒప్పుకుంటుందా?"

ఏడుస్తున్న ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. బసవపున్నయ్య పైకే నవ్వేశాడు.

మాస్టారు నవ్వలేదు. కళ్ళజోడు జేబులో పెట్టుకుని, దువ్వెన తీసి, ఆమె ముఖానికి ఎదురుగా నిలబడి నెరిసిన జుట్టు దువ్వుకున్నారు.

బసవపున్నయ్య నవ్వు ఆగిపోయింది. ఓదార్పు మాటలు చెప్పుకునేవాడు ఇలా ముస్తాబు కాడు.

"పున్నయ్యగారూ, పాపిడి తిన్నగా ఉందా?"

"కొంచెం ఎడమకి, మాస్టారూ," అన్నాడు బసవపున్నయ్య మెల్లిగా.

వడ్రంగి సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. మూత ఇంకా వేయలేదు.