రెండు సీట్ల కారు

“ఠాణాకి నీకేటి పని?” అని మూడోసారి అడిగాడు గోవిందరాజు, కారు తాళం వేలికి తిప్పుతూ.

“ఠాణాకి కాదండీ. దాని పక్కన టైలరున్నాడు కదా, జాకెట్లు వదులు చేయించాల. ఎలాగూ అటే వెళ్తన్నారు కదా అని” అంది భానుమతి.

ఆమె చేతిలో సంచీ బరువుగా ఉంది. భార్య చేతిలోంచి దాన్ని లాక్కుని లోపలికి తొంగి చూశాడు. నాలుగు జాకెట్లు, రెండు చీరలు, తువ్వాలు, అడుగున ఒక దువ్వెన.

“దువ్వెన కూడా వదులు చేయిస్తావేటి?”

“టాపు లేని కారు. గాలికి జుట్టు చెదిరిపోదేటి?”

సమాధానం సరిగ్గానే ఉంది. అదే అతనికి నచ్చలేదు. సరైన సమాధానాలు ముందుగా ఆలోచించుకున్నవాళ్ల దగ్గరే ఉంటాయి.

హౌరాకి నది ఇవతలున్న రేవులో కూలీలను సరఫరా చేసే గోవిందరాజుకి ప్రాణంతో సమానమైనవి రెండు. ఒకటి, గోవాలో తయారై వచ్చిన ఈ ఎర్రటి బుల్లి స్పోర్ట్స్ కారు. రెండోది, నడుముకి తోలు సంచీలో వేలాడే పిస్తోలు. కారుకి రెండే సీట్లు. “మూడోవాడికి చోటుండకూడదనే కొన్నాను” అని తాముండే ఏక్‌బాల్‌పూర్ పేటలో అందరికీ చెప్పి నవ్వేవాడు. పిస్తోలుకి లైసెన్సుంది. కూలీల జీతాలు మోసుకెళ్లే మనిషి కదా అని ఏడాది కిందట ఇచ్చారు. ఇప్పుడు అసెంబ్లీ ఎన్నికలు ముంచుకొచ్చాయి. లైసెన్సు తుపాకీలన్నీ ఠాణాలో అప్పగించాలని హుకుం.

కారు కదిలింది. నడుముకుంటే పొట్టలో గుచ్చుకుంటోందని పిస్తోలు సంచీ తీసి రెండు సీట్ల మధ్య పెట్టాడు. భానుమతి కుచ్చిళ్లు దగ్గరకు లాక్కుని తలుపు వైపు ఒదిగి కూర్చుంది.

గోవిందరాజు మనసులో పురుగు దొలుస్తూనే ఉంది. పేపరు కాగితాన్ని పచ్చళ్ల సీసాల కింద పరవడానికి తప్ప ముట్టని మనిషి, నెల రోజులుగా రేడియోలో వార్తలు వింటోంది. పార్టీ కుర్రాడు పోలిరాజు ఎదురింటి గోడ మీద నినాదాలు రాస్తుంటే కిటికీ దగ్గరే నిలబడింది. వాడితో నవ్వుతూ మాట్లాడింది కూడా.

“మొన్న పోలిరాజుతో ఏటి మాటాడేవు?”

“ఓట్లెప్పుడని అడిగేను.”

“నీకెందుకు?”

“నాకూ ఓటుంది కదా.”

“పోయినసారి బయల్దేరమంటే తలనొప్పన్నావు.”

“ఈసారి తగ్గింది.”

ఇంట్లో అయితే అతను ఇంతదూరం సాగనివ్వడు. ఏదైనా తేల్చుకోవాలంటే పిస్తోలు బల్ల మీద పెట్టి, మెత్తటి గుడ్డతో తుడుస్తూ నెమ్మదిగా అడుగుతాడు. చెయ్యి చేసుకోవడం, కేకలెయ్యడం ఎరగని మొగుడని వీధంతా అతనికి మంచి పేరు. పోయిన దసరాకి భానుమతి, “పలాసలో అక్క దగ్గర నాలుగు రోజులుండొస్తాను” అంది. అతను తుడుస్తూనే, “ఏటన్నావు?” అన్నాడు. “ఏటీ లేదు, చారు వేడి చేస్తాను” అంటూ ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆలుమగలన్నాక అలా ఒక్క మాట మీద ఉండాలని అతని నమ్మకం.

ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి కారు ఆగిపోయింది. ఎండ నెత్తిన కొడుతోంది.

“ఏ సందులోంచైనా పోనీండి” అంది భానుమతి.

“అంత తొందరేటి? ఎవరైనా ఎదురు చూస్తన్నారేటి?”

“టైలరు మధ్యాహ్నం కొట్టు మూసేస్తాడు.”

ఠాణా ముందు కారు ఆపి గోవిందరాజు తలెత్తి చూశాడు. ఎదురుగా గోడకి నిచ్చెన వేసుకుని, ఎర్రరంగు డబ్బాతో పోలిరాజు.

“ఓహో” అన్నాడు. “మీ టైలరు నిచ్చెనెక్కేడే.”

భానుమతి సంచీ భుజానికి తగిలించుకుంది.

ఆమెను ఒంటరిగా వదలడం ఇష్టం లేక, వెంట రమ్మన్నాడు. గుమ్మం దగ్గర కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్లొక్కరే లోపలికి వెళ్లాలట.

లోపల ఠాణా పెద్ద, దారోగా, తీరిగ్గా పిస్తోలు నంబరు రాసుకుంటున్నాడు. గోవిందరాజు చూపంతా కిటికీ బయటే ఉంది. భానుమతి రోడ్డు దాటింది. పోలిరాజు నిచ్చెన దిగాడు. ఆమె ఏదో అడిగింది. వాడు తల ఊపాడు. గోవిందరాజు చెయ్యి దానంతటదే నడుము మీదికి వెళ్లింది. అక్కడేమీ లేదు.

“దాదా” అని బెంగాలీలు అన్నని పిలిచినట్టు పిలిచాడు. “ఈ రోజుకి వెనక్కిచ్చేయండి. రేపు తెచ్చి అప్పగిస్తాను.”

దారోగా నవ్వాడు. “లోపలికి వెళ్లింది ఫలితాలు వచ్చాకే బయటికి, దాదా” అంటూ పిస్తోలును ఇనప బీరువాలో పెట్టి తాళం తిప్పాడు.

గోవిందరాజు పరుగులాంటి నడకతో బయటికి వచ్చాడు. పోలిరాజు మళ్లీ నిచ్చెనెక్కి అక్షరాలు దిద్దుకుంటున్నాడు. భానుమతి కారు పక్కనే, కాలిబాట మీద నిలబడి ఉంది. సంచీ భుజానికి వేలాడుతోంది.

“వాడితో ఏటి మాటలు?”

“ఒక్క మాటే. అప్పగించిన తుపాకీలు మధ్యలో తిరిగిస్తారేటని అడిగేను. ఇవ్వరన్నాడు.”

“అది నన్నడగాల గానీ వాడినా?”

“ఇచ్చీసేరా మరి?”

“ఇచ్చీసేను. బీరువాలో పెట్టి తాళమేసేరు. ఓట్లు లెక్కపెట్టేదాకా రాదు. చాలా? ఎక్కు.”

కొంచెం వెనగ్గా, పలాస రైళ్లు బయల్దేరే హౌరా స్టేషనుకి వెళ్లే మినీబస్సు వచ్చి ఆగింది. కండక్టరు రేకు మీద చరుస్తూ జనాన్ని పిలుస్తున్నాడు. భానుమతి మొగుడి నడుము వైపు ఒకసారి చూసింది. తరవాత అతని కళ్లలోకి చూసింది.

“అయితే నువ్వెళ్లు, నాను రాను.”