రత్నమాణిక్యం ఫిజిక్స్

“ఏవండీ, పాకం ముదిరేకొద్దీ స్నిగ్ధత పెరుగుతుందా, తగ్గుతుందా?”

వంటింట్లోంచి ప్రశ్న రాగానే గంగరాజు పేపరు కాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పాకం అంటే తెలుసు. స్నిగ్ధత ఎవరో తెలీదు.

“ముందు కాజాలు కానియ్యి. తర్వాత చెప్తాను.”

“కాజాలకి తొందరేం లేదండి. పరీక్షకే తొందర.”

ఈ గొడవ దసరా వెళ్లాక మొదలైంది. ఒక సాయంత్రం రత్నమాణిక్యం కాఫీతోపాటు లావుపాటి పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. “ఇంటర్లో ఫిజిక్స్ ఒక్కటీ ఉండిపోయిందండి. ఓపెన్ స్కూల్లో కట్టేశాను,” అంది.

గంగరాజు ఆశ్చర్యపోయాడు. పెళ్లిచూపుల్లో అమ్మాయి ఇంటర్ చదివిందన్నారు గాని, ప్యాసయిందని అనలేదేమో. అటువాళ్లని తప్పు పట్టడానికీ లేదు. ఇటువాళ్లూ అబ్బాయి ఇంటర్ చదివాడనే అన్నారు. చదివాడు. రెండేళ్లూ చదివాడు. ఫిజిక్స్ పోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట మాత్రం ఆయన నోరు జారలేదు.

తణుకు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చెరకు లారీలు తూచే కాటా దగ్గర ఆయన గుమాస్తా. సూపర్‌వైజరు వేసవి వెళ్లాక రిటైరవుతున్నాడు. ఇంటర్ సర్టిఫికెట్ చూపిస్తే ఆ కుర్చీ నీదేనన్నారు పైవాళ్లు. “ఆ బాధ్యతలన్నీ మనకెందుకులే” అని ఇంట్లో చెప్పాడు గంగరాజు. “నిజమేలెండి” అంది రత్నమాణిక్యం.

కుర్చీ పోతే పోయింది. ఇప్పుడు ఈవిడ డౌట్లతో పరువు పోయేలా ఉంది. అందుకని లారీకీ లారీకీ మధ్య ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్లో ఓపెన్ స్కూలు పాఠాలు వినడం మొదలుపెట్టాడు. కళ్లు మూసుకుని తలూపుతున్న ఆయన్ని చూసి, ప్రవచనాలు వింటున్నాడనుకుని డ్రైవర్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు.

పుస్తకం కూడా కలిసొచ్చింది. రత్నమాణిక్యం దాన్ని ఎప్పుడూ ఆయన పడక్కుర్చీలోనే మర్చిపోయేది.

మర్నాడు కాజా కొరుకుతూ, అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పాడు. “ముదిరితే పెరుగుతుంది. వేడి చేస్తే తగ్గుతుంది. స్నిగ్ధత అంటే జారడానికి మొరాయించడమే. మా ఫ్యాక్టరీలో చక్కెర తీయగా మిగిలే మడ్డి చూడు, చలికాలం కదలనే కదలదు.”

“మీరు అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్తారండి. దాని మీద లెక్క కూడా ఒకటుంది. నా చేతికి పిండి అంటింది, మీరు చేసి పెట్టండి.”

ఆవిడ చేతికి ఎప్పుడూ ఏదో ఒకటి అంటుకునే ఉండేది. పిండి కాకపోతే పసుపు, పసుపు కాకపోతే చింతపండు. లెక్కలన్నీ గంగరాజే చేశాడు.

లోలకం పాఠం ఉయ్యాలబల్ల మీద జరిగింది.

“బరువుతో పనిలేదు, మాణిక్యం. ఎంతసేపట్లో ఊగి వస్తుందన్నది గొలుసు పొడవుని బట్టే.”

“అంటే మీరెక్కినా నేనెక్కినా ఒకటేనా?”

“సూత్రం ప్రకారం ఒకటే. ఆ సంగతి కొక్కేలకి కూడా తెలియాలి.”

“కొక్కేలకి తెలుసులెండి. రాత్రికి మీకు కూర లేదన్న సంగతి కూడా తెలుసు.”

పరీక్ష ఫీజు కట్టేముందు ఫోటోలకి బయల్దేరినప్పుడు ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లింది. “ఎలాగూ వచ్చారు, మీరూ ఒకటి దిగండి. గ్యాసు వాళ్లు మళ్లీ అడుగుతున్నారు. ఆ మీసం కాస్త సర్దుకోండి.” గ్యాసు కాగితాల మీదా ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. ఇంట్లో కాగితాల పని ఎప్పుడూ ఆవిడదే.

ప్రాక్టికల్స్ రోజున, “నాకు చేతులు వణుకుతాయండి, ఈయన చేస్తారు” అని మాస్టారితో చెప్పింది. అబ్రహాము మాస్టారు, “అలాగే కానివ్వండి” అన్నారు. గంగరాజు లోలకం గుండు ఊపాడు, లెక్కపెట్టాడు, గురుత్వ త్వరణాన్ని ఇంచుమించు పుస్తకంలో ఉన్నంతకి తెచ్చాడు. మాస్టారు వీపు తట్టారు. పెళ్లాం పరీక్ష మొగుడు చేస్తే వీపు తట్టే మాస్టారిని ఆయన చూడటం అదే మొదటిసారి.

తిరిగొస్తుంటే బండి వెనకనుంచి అంది. “ఈపాటికి మీరు రాసినా ప్యాసవుతారండి.”

“నాకెందుకు? నేనెప్పుడో...” అని ఆగిపోయాడు. బండి కూడా నెమ్మదించింది.

“స్పీడు తగ్గిందేంటండి?”

“ఘర్షణ.”

పరీక్ష రోజున కంగారంతా గంగరాజుదే. రత్నమాణిక్యం తీరిగ్గా పెసరట్టు వేసి పెట్టింది. రెండు పెన్నులు, నీళ్ల సీసా సంచిలో సర్దింది.

“నువ్వు పుస్తకం ముట్టుకోగా నేను చూళ్లేదు. నిన్న కూడా సీరియలే చూశావు.”

“మీరు చెప్పినవన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయిలెండి.”

దారి పొడుగునా ఆయనే ప్రశ్నలు వేసి, ఆవిడ నోరు తెరిచేలోగా ఆయనే జవాబులు చెప్పాడు. పరీక్ష సెంటరు గేటు దగ్గరకొచ్చేసరికి ఆయనకి జాలేసింది.

“మాణిక్యం, ఒకవేళ పోయినా కుంగిపోకు. ఫిజిక్స్ పోయినవాళ్లు బతకట్లేదా? నా సంగతే చూడు...”

“మీ సంగతేంటండి?”

“ఏం లేదు. ఎండ ఎక్కువగా ఉంది.”

గేటు దగ్గర వాచ్‌మన్ బుల్లియ్య హాల్ టికెట్ అడిగాడు. రత్నమాణిక్యం సంచిలోంచి తీసిచ్చింది. అతను దాన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు.

“మీరిక్కడే ఆగాలమ్మా. రాసేవాళ్లే లోపలికండి.”

గంగరాజుకి కోపమొచ్చింది. ఇన్ని నెలల కష్టం గేటు దగ్గర మట్టిగొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు.

“ఆవిణ్ణి ఆపుతావేంటయ్యా? రాసేది ఆవిడే. సరిగ్గా చూడు,” అంటూ కాగితం లాక్కుని, ఫోటో మీద వేలు పెట్టి చూపించబోయాడు.

ఫోటోకి మీసాలున్నాయి.