మౌనాసురుడి నవ్వు

“మౌనాసురుడంట! పేరులోనే మౌనం. నోరు చూస్తే ఒక్క గడియ మూతబడదు.”

రజియా బీ కత్తి కొసతో ఫోన్‌ని చూపించి పకపకా నవ్వింది. ఫోన్‌లో విలన్ అంతకన్నా గట్టిగా నవ్వుతున్నాడు.

గల్ఫ్ దేశంలో, షువైఖ్‌లోని ఆ క్యాటరింగ్ కిచెన్‌లో ఉల్లిపాయల బల్ల రజియా బీది. రాయచోటి నుంచి అందరికన్నా ముందొచ్చిన మనిషి. పని చేస్తూ ఏం వినాలో ఆమే చెబుతుంది. ఈమధ్య వినిపిస్తున్నది ఒక సూపర్‌హీరో ఆడియో సీరియల్. గొంతెత్తితే గోడలు కూలగొట్టే హీరో పేరు శంఖధర్. ఊళ్లో శబ్దాలన్నీ దొంగిలించే విలన్ మౌనాసురుడు. చదివేది హైదరాబాదులో ఎవరిదో గంభీరమైన మగగొంతు. రాసేది శేషాచలం.

ఆ శేషాచలం రజియా బీ పక్కనే నిలబడి క్యారెట్లు తరుగుతోంది.

అసలు పేరు వెంకటేశ్వరి. లక్కిరెడ్డిపల్లె నుంచి వచ్చింది. పొద్దున లేస్తే ఏం కొయ్యాలో, ఎంత సన్నగా కొయ్యాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. తన మాట చెల్లేది ఆ కథలో ఒక్కచోటే. అది నలుగురి నోళ్లలో పడి నవ్వులపాలవుతుందని మారుపేరు పెట్టుకుంది.

“శంఖధర్‌ని గొలుసులతో కట్టేసినాడు కదక్కా. నీకు భయం కాలేదా?” అంది, తల ఎత్తకుండా.

“ఏం భయం? కట్టేసినోడు పని కానీకుండా, నేనిట్ల చేస్తా, అట్ల చేస్తా అని అంతా ఒప్పజెప్తాండాడు. వాడు చెప్పేది అయిపోయేలోగా ఇవతలోడు గొలుసులు తెంపుకున్యాడు. ఊరిచప్పుడంతా దొంగిలించే తెలివుండేటోడు అంత ఎర్రిపని చేస్తాడా?”

రైస్ గిన్నెల దగ్గర నుంచి మద్దిలేటి అడ్డొచ్చాడు. “విలన్ ఉండేదే ఓడిపోయేదానికి కదక్కా. మనకు హీరో గెలిస్తే సాలు.”

“ఈకలాంటోన్ని గెలిస్తే హీరోకేం గొప్ప? ఎదురోడు గట్టోడైతేనే గదా!” రజియా బీ ఇంకో ఉల్లిపాయ అందుకుంది. “అయినా వానికి ఊరి మింద అంత కోపం యాలమ్మే? వానికేం నష్టమొచ్చినాది? అది చెప్పడే!”

వెంకటేశ్వరి చెయ్యి ఆగిపోయింది. నిజమే. వాడికి కోపం ఎందుకో తనకే తెలియదు. విలన్ కాబట్టి నవ్వించింది, అరిపించింది. అంతే.

మధ్యాహ్నం ఆ సీరియల్ వినిపించే యాప్ వాళ్లు వెంకటేశ్వరికి ఫోన్ చేశారు. “మేడం, మౌనాసురుడు రాగానే వినేవాళ్లు వెళ్లిపోతున్నారు. వచ్చే భాగం కూడా ఇలాగే ఉంటే సీరియల్ ఆపేస్తాం.”

మర్నాడు కిచెన్‌లో ఆర్డర్లు ఎక్కువ. పొగ లాగే ఫ్యాన్లు, గ్రైండర్లు, గిన్నెల మోత. రజియా బీ ఎందుకో వెనక్కి తిరిగి, కత్తి పడేసి పరుగెత్తింది. మరిగే గంజి మద్దిలేటి చేతి మీద ఒలికిపోయి ఉంది. ఆమె అతన్ని లాక్కెళ్లి కొళాయి కింద చెయ్యి పెట్టించింది.

“అరిచినా అక్కా,” అన్నాడు మద్దిలేటి, పళ్లు బిగబట్టి. “శానా అరిచినా. ఎవురికీ ఇనపళ్ళేదు.”

ఆ మాట వెంకటేశ్వరిని వదల్లేదు. సాయంత్రం కంపెనీ బస్సులో కూర్చోగానే ఫోన్ తీసి బొటనవేళ్లతో రాయడం మొదలుపెట్టింది. రోజూ లాగే పక్క సీట్లో రజియా బీ కళ్లు మూసుకుని కునుకుతోంది.

కొత్త భాగం వచ్చిన రోజు బల్ల చుట్టూ ఎప్పటిలాగే కత్తులు ఆడుతున్నాయి. ఫోన్‌లో మౌనాసురుడు ఈసారి నవ్వలేదు. గొలుసుల్లో ఉన్న శంఖధర్ ముందు నేల మీద కూర్చున్నాడు.

“ఆ రోజు ఊరంతా సంబరం. డప్పులు, టపాకాయలు, మైకులు. నా బిడ్డ కాలువలో పడి నాన్నా అని పిలిచింది. నేను గట్టు మీదే ఉన్నాను. వినపడలేదు. ఇక మీద ఈ ఊళ్లో పిల్లల పిలుపు తప్ప ఇంకే చప్పుడూ ఉండదు. ఇప్పుడు చెప్పు శంఖధరా, నేను చేసిన తప్పేంటి?”

గోడలు కూల్చే గొంతు మొదటిసారి పెగల్లేదు.

బల్ల మీద ఒక్క కత్తీ కదల్లేదు. భాగం అయిపోయింది. ఉల్లిపాయలకు అంత దూరంలో, చేతికి కట్టుతో నిలబడ్డ మద్దిలేటి భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

“వాడే గెలిస్తే బాగుండక్కా,” అన్నాడు. హీరో తప్ప ఇంకొకరు పట్టని మనిషి!

వెంకటేశ్వరి జేబులో ఫోన్ మోగింది. సరుకు దించే గేటు దగ్గరికి పరుగెత్తింది.

“మేడం, పొద్దున్నుంచి కామెంట్లు ఆగడం లేదు. అందరూ మౌనాసురుడి కోసం ఏడ్చామనే రాస్తున్నారు. ఆపడం కాదు, రెండో సీజన్ కూడా మీరే రాయాలి!”

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆ మోత మధ్య ఆమె రెండు పిడికిళ్లూ బిగించి, ఎవరూ చూడకుండా ఒక్క గంతు వేసింది. తను రాసిన మనిషి కోసం ఇంతమంది ఏడ్చారు! ముఖం కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి మళ్లీ క్యారెట్లు అందుకుంది.

రజియా బీ ఉల్లిపాయ పొట్టు తీస్తూ, ఆమెకొక్కదానికే వినపడేలా అంది. “చివర్లో వాన్ని సంపొద్దు మే. బతకనీ.”

వెంకటేశ్వరి కత్తి పక్కన పెట్టింది. “నాకు చెప్తావేందక్కా?”

“మొదట్నించీ నీకే కదమ్మే చెప్తాండేది.”