విసరని కాగితాలు

సినిమాలకు హాల్లో కుర్చీలే రివ్యూలు రాసే రోజులవి. ఈలలూ చప్పట్లూ కొలిచి, ఆట అయ్యి తలుపులు తెరిచేలోగా తీర్పు చెప్పేసేవి. హంసిని బొమ్మలు గీసిన సినిమాలో హీరో ఆకాశాన్ని చాపలా చుట్టి, దాంతోనే శత్రువులను చితకబాదాడు. అయినా ఒక్క ఈలా పడలేదు. జనానికి ఎక్కలేదని తేల్చేశాయి కుర్చీలు.

గుడివాడలో మొదటాట చూసొచ్చిన అత్తగారు వెంకాయమ్మను హంసిని దిగులుగా అడిగింది. "మీకూ నచ్చలేదా అత్తయ్యా?"

వెంకాయమ్మ కొంగుముడి విప్పింది. హీరో మీద చల్లడానికి పొద్దున్నే చింపి పట్టుకెళ్లిన రంగు కాగితాలన్నీ అలాగే ఒళ్లో రాలాయి.

"నోరు తెరుచుకుని చూస్తా ఉండిపోయానే! ఇవి చల్లాలని గుర్తొస్తేగా? హాలంతా అదే వరస."

హంసిని గుప్పెడు కాగితాలు తీసి అత్తగారి నెత్తిన చల్లింది. వెంకాయమ్మ నోట్లో రెండు వేళ్లు పెట్టి, హాల్లో మర్చిపోయిన ఈల వంటింట్లో వేసింది.